ఇనప చెయ్యి మాయావి, కీల్పాక్ గోడ, మన అన్నయ్య

ఈసారి పోస్టు బాగా పెద్దది. బస్సులో నిలబడి చదివేది కాదు. ఆదివారం భోజనాలయ్యాక తీరిగ్గా చదువుకోండి. చరిత్రతో పాటు ఇందులో మన సంఘం ఒప్పుకోవలసిన తప్పు కూడా ఒకటుంది.

పోయిన నెల మన గ్రంథాలయానికి ఒక అట్టపెట్టె వచ్చింది. అయనావరం నుంచి ఒక అక్కయ్య ఆటోలో తెచ్చి దింపారు. "మా అన్నయ్య పుస్తకాలు. ఇంట్లో చదివేవాళ్లు లేరు, పాతసామాన్లవాడికి వెయ్యబుద్ధి కాలేదు" అన్నారు. కాఫీ ఇస్తామన్నా ఆగలేదు. పెట్టె విప్పితే పైన పాత చందమామలు, కొన్ని నవలలు. అడుగున పురికొసతో కట్టిన ఒక కట్ట. విప్పగానే గ్రంథాలయం పని చూసుకునే మేము నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అవి తమిళంలో వచ్చిన ముత్తు కామిక్స్. పైపుస్తకం మీద మనిషి లేడు, గాలిలో ఒక్క ఇనప చెయ్యి.

మా నలుగురిదీ అయనావరం రైల్వే క్వార్టర్సే. నాన్నలందరూ పెరంబూరు కారేజ్ వర్క్స్‌లోనో ఐసీఎఫ్‌లోనో పనిచేసేవారు. ఆ అక్కయ్య వాళ్ల అన్నయ్యను మేమూ అన్నయ్యా అనే పిలిచేవాళ్లం. మాకు తమిళం చదవడం సరిగ్గా రాని రోజుల్లో సాయంత్రం పూట అరుగు మీద మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, తమిళంలో ఉన్నది అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవాడు. ఇనప చెయ్యి మాయావిని మాకు పరిచయం చేసింది ఆయనే.

ఆ అరుగు మీది నుంచి చూస్తే దూరంగా మెడవాక్కం ట్యాంక్ రోడ్డు పక్క పొడుగాటి గోడ కనపడేది. అదే కీల్పాక్ మెంటల్ హాస్పిటల్. చేతిలో బొమ్మల పుస్తకం, ఎదురుగా ఆ గోడ. రెండింటికీ సంబంధం ఉందని మాకు తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది.

ముందు గోడ సంగతి

కీల్పాక్ ఆస్పత్రి కథ కుంఫిణీ కాలం నాటిది. 1794లో వాలెంటైన్ కానలీ అనే కుంఫిణీ డాక్టరు మతి చెడినవాళ్ల కోసం పురసవాక్కం వైపు ఒక ఆశ్రయం మొదలుపెట్టాడు. దేశంలో ఇలాంటివాటిలో బాగా పాతవాటిలో అదొకటి. 1871లో ఇప్పుడున్న కీల్పాక్ స్థలంలోకి మారింది. అప్పటి పేరు లూనటిక్ అసైలం. 1922లో పేరు మార్చి మెంటల్ హాస్పిటల్ అన్నారు. ఇప్పుడు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్.

బోర్డు మీద పేరు మారుతూ వచ్చింది కానీ ఊరివాళ్ల నోట్లో మారలేదు. మద్రాసులో ఎవడైనా కాస్త తేడాగా మాట్లాడితే "కీల్పాక్ కేసు" అనేస్తారు. మన తెలుగువాళ్లం ఎక్కడున్నా ఇదే తంతు. హైదరాబాదు వాళ్లు ఎర్రగడ్డ అంటారు, విశాఖ వాళ్లు చినవాల్తేరు అంటారు. మూడు ఊళ్లలోనూ వైద్యం చేసే చోటును తిట్టుగా మార్చుకున్నాం. గుండె ఆస్పత్రి పేరుతోనో కళ్ల ఆస్పత్రి పేరుతోనో ఎవర్నీ తిట్టం గదా.

చట్టం మాట చూడండి. 1912లో ఇంగ్లీషువాళ్లు ఇండియన్ లూనసీ యాక్ట్ తెచ్చారు. ఆ చట్టం ప్రకారం రోగిని చేర్చడంలో డాక్టరుతో పాటు మేజిస్ట్రేటుకూ పెద్ద పాత్ర ఉండేది. అంటే జబ్బుపడ్డ మనిషి కోర్టు కాగితం మీద లోపలికి వెళ్లేవాడు. దాని స్థానంలో కొత్త చట్టం 1987లో వచ్చినా అమల్లోకి వచ్చింది 1993లో. మా చిన్నతనమంతా దేశంలో నడిచింది ఆ 1912 చట్టమే. గోడ ఎందుకు అంత ఎత్తుగా కనిపించేదో ఇప్పుడు అర్థమవుతోంది.

ఇక మాయావి సంగతి

తెలుగులో బొమ్మల కథలంటే మనకు ముందు గుర్తొచ్చేది బుజ్జాయి గారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి, మన ఊరివారే. ఆయన 'డుంబు' మన ముందు తరం పిల్లలకు ఎంత ముద్దో చెప్పక్కర్లేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఇదే ఊళ్లో మొదలుపెట్టిన చందమామ ఉండనే ఉంది. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు, చిత్ర, శంకర్ గార్ల బొమ్మలు. వాటిలోనూ భయం ఉండేది. కానీ అది రాకాసుల భయం, మాంత్రికుల భయం. మనిషి తలలోంచి పుట్టే భయం కావాలంటే మద్రాసు పిల్లలకు తమిళ కామిక్సే గతి.

1972లో శివకాశి నుంచి ముత్తు కామిక్స్ మొదలైంది. మొదటి పుస్తకమే 'ఇరుంబుక్కై మాయావి'. ఇనప చెయ్యి మాయావి అన్నమాట. అసలు కథ మాత్రం ఇంగ్లండుది. 1962లో 'వాలియంట్' అనే పిల్లల వారపత్రికలో 'ది స్టీల్ క్లా' పేరుతో మొదలైంది. బొమ్మలు వేసింది జెసుస్ బ్లాస్కో అనే స్పెయిన్ చిత్రకారుడు. మొదట్లో కథ రాసింది కెన్ బల్మర్, తర్వాత టామ్ టల్లీ.

కథ ఇది. లూయిస్ క్రాండెల్ అనే అతను ఒక ప్రొఫెసరు దగ్గర ప్రయోగశాలలో సహాయకుడు. ప్రమాదంలో కుడి చెయ్యి పోయి, దాని బదులు ఇనప చెయ్యి పెట్టించుకుంటాడు. ఒకరోజు యంత్రం పేలి అతని ఒంట్లోంచి కరెంటు పోతుంది. అంతే, మనిషి మాయమైపోతాడు. ఇనప చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. కొంతసేపటికి మళ్లీ మామూలు మనిషవుతాడు. మళ్లీ మాయమవ్వాలంటే మళ్లీ కరెంటు తగలాలి.

మా చేతికి వచ్చిన పుస్తకాల్లో అతను గూఢచారి, మంచివాడు, దేశాలను కాపాడేవాడు. ప్లగ్గులో ఇనప వేలు పెట్టి మాయమవుతుంటే మేము అరుగు మీద చప్పట్లు కొట్టేవాళ్లం. (ఎవరూ నిజంగా ప్లగ్గులో వేలు పెట్టకుండా అన్నయ్య ప్రతిసారీ ఒట్టు వేయించుకునేవాడు.)

చాలా ఏళ్లకు తెలిసిన సంగతేమిటంటే, లండన్‌లో పుట్టినప్పుడు ఈ క్రాండెల్ హీరో కాదు. మొదటి కథలో అతను మనసు చెదిరి, లోకం మీద కసి పెంచుకుని, నేరాల్లోకి దిగిన మనిషి. విలన్ అన్నమాట. పత్రికవాళ్లు తర్వాత అతన్ని మంచి దారిలో పెట్టి, షాడో స్క్వాడ్ అనే రహస్య దళంలో చేర్చి, నమ్మకమైన పని అప్పగించారు. అంటే మేము ప్రాణంగా చూసుకున్న మాయావి ఒకప్పుడు మతి తప్పి, తర్వాత బాగుపడ్డవాడు. మాకు అది తెలియదు కాబట్టి అతన్ని ప్రేమించడానికి అడ్డం రాలేదు. తెలిసి ఉంటే మన ఇళ్లలో ఆ పుస్తకం రానిచ్చేవారా? ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి, చివర మళ్లీ వస్తాం.

నయం కాని ఆస్పత్రి

ఇప్పటి మన పిల్లలకు, మనవలకు ముత్తు కామిక్స్ తెలియవు. వాళ్లు చదివేది బ్యాట్‌మాన్. అందులో ఆర్కం అసైలం అని ఒక పిచ్చాసుపత్రి ఉంటుంది. జోకర్ పాత్ర 1940 నుంచీ ఉంది, మొహం సగం కాలి మనసు రెండుగా చీలిన టూ ఫేస్ 1942 నుంచీ ఉన్నాడు. కానీ ఈ విలన్లందరినీ పెట్టే పిచ్చాసుపత్రి మాత్రం 1974లో వచ్చింది. అంతవరకు జైలుకు పోయే దొంగలు అక్కడి నుంచి రోగులైపోయారు. 1988లో ఆలన్ మూర్ రాసిన 'ది కిల్లింగ్ జోక్' వచ్చింది. ఒక్క చెడ్డ రోజు చాలు, ఏ మంచివాడికైనా మతి పోవడానికి అని అందులో జోకర్ వాదం. 1989లో గ్రాంట్ మారిసన్ రాసి డేవ్ మెక్‌కీన్ బొమ్మలు వేసిన 'ఆర్కం అసైలం'లో రోగులు ఆస్పత్రిని పట్టుకుంటే బ్యాట్‌మాన్ ఒక రాత్రి వాళ్ల మధ్య గడుపుతాడు. సైకలాజికల్ థ్రిల్లర్ కామిక్స్ అనగానే ఇప్పటి కుర్రాళ్లు ముందు చెప్పేవి ఇవే.

మేము వాటిని తెప్పించుకుని చదివాం. బొమ్మలు అద్భుతం, కాదనం. రాత్రి దీపం తీసెయ్యడానికి కాస్త జంకాం కూడా. కానీ ఒక సంగతి పట్టుకుంది. ఆర్కంలో ఎవరికీ నయం కాదు. రోగి పారిపోతాడు, చంపుతాడు, పట్టుబడతాడు, మళ్లీ పారిపోతాడు. జోకర్‌కి నయమైతే వచ్చే నెల సంచిక ఉండదు. కాబట్టి దశాబ్దాలుగా ఆ ఆస్పత్రి నుంచి బాగుపడి, మందులు వేసుకుంటూ, ఉద్యోగానికి పోయేవాడు మనకు గుర్తుండేలా ఒక్కడూ రాలేదు.

కామిక్స్ పిల్లల్ని పాడుచేస్తాయన్న గొడవ కొత్తది కాదు. 1954లో అమెరికాలో ఫ్రెడ్రిక్ వర్థమ్ అనే డాక్టరు 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' అనే పుస్తకం రాసి, పిల్లలు నేరాల్లోకి పోవడానికి కామిక్సే కారణమన్నాడు. సెనేటులో విచారణ జరిగింది. ప్రచురణకర్తలు భయపడి తమకు తామే కోడ్ పెట్టుకున్నారు. ఈ వర్థమ్ మామూలు డాక్టరు కాదు, మానసిక వైద్యుడు. న్యూయార్క్ హార్లెంలో నల్లజాతి పేదల కోసం 1946లో క్లినిక్ పెట్టిన మంచిమనిషి. కానీ ఆ పుస్తకంలో ఆయన పిల్లల మాటల్ని తనకు కావలసినట్టు మార్చుకున్నాడని, 2012లో కరోల్ టిల్లీ అనే పరిశోధకురాలు ఆయన సొంత కాగితాలు తిరగేసి బయటపెట్టారు. మా బాధ వేరే. అంత మానసిక వైద్యుడు కదా, కామిక్స్ చదివి పిల్లలు దొంగలవుతారా అన్న దాంతో పాటు, కామిక్స్ చదివిన పిల్లలు రేపు ఒక రోగిని ఎలా చూస్తారు అని కూడా గట్టిగా అడిగి ఉండాల్సింది.

తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. వాళ్లు ఇతరులకు చేసే హాని కంటే ఇతరుల వల్ల వాళ్లకు జరిగే హానే ఎక్కువ. డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్న మాట ఇది. బొమ్మల పుస్తకం చదివినవాడికి మాత్రం ఇది తలకిందులుగా కనిపిస్తుంది.

మన సినిమాలు తక్కువ తిన్నాయా

కామిక్స్‌ని అనేముందు మన కోడంబాక్కం సంగతి కూడా చూసుకోవాలి. తెలుగు సినిమా అంతా ఇక్కడే తయారైన రోజులు గదా.

1960లో గుత్తా రామినీడు గారి దర్శకత్వంలో 'చివరకు మిగిలేది' వచ్చింది. (బుచ్చిబాబు గారి నవల కాదు, పేరొక్కటే అదే.) దానికి మూలం 1959 నాటి బెంగాలీ సినిమా 'దీప్ జ్వేలే జాయ్'. సావిత్రి గారు మానసిక రోగుల ఆస్పత్రిలో నర్సు. రోగిని ప్రేమిస్తున్నట్టు నటించి నయం చెయ్యడమే ఆమెకు అప్పగించిన వైద్యం. రోగి బాగుపడతాడు, నర్సుకు మతి పోతుంది. 1963లో ప్రత్యగాత్మ గారి 'పునర్జన్మ'లో అక్కినేని గారు ప్రేమ భగ్నమై మతి చెడినవాడు. ఆ కథనే 1970లో మన ఎల్.వి. ప్రసాద్ గారు హిందీలో 'ఖిలోనా'గా తీస్తే దేశమంతా ఆడింది. 2005లో రెండు నెలల తేడాలో 'చంద్రముఖి', 'అపరిచితుడు' రెండూ ఈ ఊరి నుంచే వచ్చాయి. ఒకదాంట్లో ఇల్లాలు నాట్యగత్తెగా మారిపోతుంది, రెండోదాంట్లో అమాయక లాయరు లోపలి నుంచి హంతకుడు లేస్తాడు. మేమూ టికెట్లు కొనుక్కుని చూశాం, ఈలలూ వేశాం.

నటనలను తక్కువ చెయ్యడం లేదు. సావిత్రి గారి ఆ సినిమా చూసి కన్నీళ్లు పెట్టనివారు ఎవరు? కానీ లెక్క చూడండి. ఈ సినిమాల్లో వైద్యం అంటే ఒక ఆడదాని త్యాగం, లేకపోతే చివరి రీల్లో ఆడే పెద్ద నాటకం. రోజూ పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర, నెలకోసారి డాక్టరు, ఇవి ఉండవు. నయమయ్యాక మర్నాడు ఏం జరుగుతుందో అసలే ఉండదు. శుభం కార్డు పడిపోతుంది.

నిజంలో మర్నాడు అనేది ఉంటుంది. అన్నయ్యకు ముప్ఫై ఏళ్లకు పైగా ఉంది.

1977

అన్నయ్య ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. ఉగాది నాటకాలకు మన సంఘంలో ప్రాంప్టరు ఆయనే. తెర పక్కన నిలబడి, వాళ్లు మరిచిపోయిన మాటను సరిగ్గా వాళ్ల చెవికే వినపడేలా అందించేవాడు.

1977లో నిద్ర పట్టడం మానేసింది. రైల్లో ఎదురు సీటువాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారనేవాడు. ప్రెస్సుకు పోవడం మానేశాడు. వాళ్లమ్మగారు ముందు తిరుచ్చి దగ్గర గుణశీలం తీసుకెళ్లారు. మతి చెడినవాళ్లను స్వామి బాగుచేస్తాడని అక్కడ నలభై ఎనిమిది రోజులు ఉంచుతారు. వచ్చాక కూడా తగ్గకపోతే, మేమందరం చూస్తుండగా ఒకరోజు పొద్దున్నే రిక్షాలో ఎక్కించి, మాకు ఎదురుగా ఉన్న ఆ గోడ లోపలికే తీసుకెళ్లారు.

ఇక్కడ చరిత్రలో ఒక మంచిమనిషి పేరు చెప్పుకోవాలి. డాక్టర్ శారదా మేనన్. 1923లో మంగళూరులో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. మన దేశంలో మొదటి మహిళా సైకియాట్రిస్టుగా ఆవిడను చెబుతారు. 1959లో కీల్పాక్‌లో చేరి, 1961 నుంచి 1978 వరకు ఆ ఆస్పత్రికి అధిపతిగా ఉన్నారు. ఆవిడ బాధ్యత తీసుకున్నప్పుడు అది కిక్కిరిసిన చోటు. ఇళ్లవాళ్లు వదిలేసి పోయినవాళ్లు ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయేవారు. బయటి నుంచి వచ్చి చూపించుకుని వెళ్లే విభాగాన్ని పెంచడం, రోగులకు చేతి పని నేర్పే కేంద్రం పెట్టడం, ఇళ్లవాళ్లను కూర్చోబెట్టి జబ్బు గురించి చెప్పడం, ఇవీ ఆవిడ చేసినవి. ఇంకోవైపు 1952లో పారిస్‌లో మొదటిసారి వాడిన క్లోర్‌ప్రోమజీన్ అనే మందు మన దేశానికీ వచ్చేసింది. అంటే అన్నయ్య లోపలికి వెళ్లేటప్పటికి ఆ గోడ లోపల మందు ఉంది, బయటికి పంపాలన్న ఆలోచనా ఉంది.

నాలుగు నెలలకు అన్నయ్య ఇంటికొచ్చాడు. సన్నబడ్డాడు, మాట కాస్త నెమ్మదించింది, అంతే. ఆర్నెల్లకు ఇంకో ప్రెస్సులో పనికి చేరి రిటైరయ్యేదాకా చేశాడు. ఒక్కటే తేడా, కుడి చెయ్యి కొద్దిగా వణికేది. ఆ రోజుల్లో ఆ మందుల వల్ల చాలామందికి అలా అయ్యేదట. మేము మాత్రం ఆ వణుకును చూసి, ఇంకా పిచ్చి పోలేదు అనుకున్నాం. మందు వల్ల వచ్చిన ఇబ్బందిని జబ్బు గుర్తనుకున్నాం.

మా అమ్మలు మమ్మల్ని ఆ అరుగు మీదికి వెళ్లొద్దన్నారు. మేమూ వెళ్లలేదు. దాటి పోతున్నప్పుడు నడక వేగం పెంచేవాళ్లం. 1979లో అక్కయ్య పెళ్లి జరిగింది. నెల్లూరు సంబంధం. పెళ్లికొడుకువారికి అన్నయ్య బొంబాయిలో ఉద్యోగంలో ఉన్నాడని, సెలవు దొరకలేదని చెప్పారు. ఆ మూడు రోజులు ఆయన విల్లివాక్కంలో స్నేహితుడి గదిలో ఉన్నాడు. వాళ్లింటివాళ్లను తప్పుపట్టడానికి మాకు నోరు లేదు. ఎందుకంటే బొంబాయి అని చెప్పమని సలహా ఇచ్చింది మన సంఘం పెద్దలే. అబద్ధమని తెలిసి, అడిగినవాళ్లకు అవునవునన్నది మన వాళ్లందరూనూ. ఆ ఏడాది ఉగాది నాటకానికి ప్రాంప్టరును మార్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లు, ప్రతి ఉగాదికీ, అన్నయ్య చివరి వరసలో కుర్చీ వేసుకుని నాటకం చూసి, పచ్చడి తీసుకుని వెళ్లిపోయేవాడు. ఒక్కసారి కూడా వేదిక పక్కకు రమ్మనలేదు.

బాగుపడినవాళ్ల లెక్క

అన్నయ్య లాంటివాళ్లు ఎక్కడో ఒకరు ఉంటారులే అనుకోకండి. రుజువు మన ఊళ్లోనే ఉంది. 1980ల మొదట్లో మద్రాసు డాక్టర్లు కొత్తగా స్కిజోఫ్రీనియా మొదలైన 90 మందిని ఎంచుకుని, ఏళ్ల తరబడి వాళ్ల వెంట నడిచి, ఎవరు ఎలా ఉన్నారో చూశారు. పదేళ్ల తర్వాత చూస్తే, దొరికినవాళ్లలో ఎక్కువమంది కోలుకున్న స్థితిలోనే ఉన్నారు. అంతకుముందు ప్రపంచ ఆరోగ్య సంస్థ తొమ్మిది దేశాల్లో చేసిన పరిశీలనలో మన ఆగ్రా కూడా ఉంది. అక్కడా ధనిక దేశాల కంటే మన దగ్గర రోగులే మెరుగ్గా ఉన్నట్టు తేలింది. ఎందుకన్న దాని మీద పండితుల్లో వాదనలు ఉన్నాయి. నయం కావడం మాత్రం అబద్ధం కాదు.

శారదా మేనన్ గారు రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. 1984లో స్కార్ఫ్ అనే సంస్థ పెట్టారు. అన్నానగర్ వైపు వెళ్లేవాళ్లకు తెలిసే ఉంటుంది. 1992లో ఆవిడకు పద్మభూషణ్ వచ్చింది. 98 ఏళ్లు బతికి, 2021 డిసెంబరులో కన్నుమూశారు. 1993లో వందనా గోపీకుమార్, వైష్ణవి జయకుమార్ అనే ఇద్దరు యువతులు రోడ్ల మీద తిరిగే మతి చెడిన ఆడవాళ్ల కోసం 'ది బన్యన్' మొదలుపెట్టారు. ఇవన్నీ మన కళ్లముందు జరిగాయి. మనం చందా ఇచ్చామేమో గానీ, మన ఇళ్లలో మాట మార్చుకోలేదు.

మాట మార్చుకోకపోతే ఏమవుతుందో 2001 ఆగస్టు 6న చూశాం. రామనాథపురం జిల్లా ఏర్వాడిలో దర్గా చుట్టూ ఉన్న ఆశ్రమాల్లో ఒకదానికి తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపల ఉన్నవాళ్లు గొలుసులతో కట్టేసి ఉన్నారు, పరుగెత్తలేకపోయారు. 28 మంది పోయారు. వాళ్లను అక్కడ చేర్చింది శత్రువులు కాదు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు. ఇంట్లో ఉంటే పెళ్లిళ్లు కావని, వీధిలో తలెత్తుకోలేమని భయపడ్డవాళ్లు. గొలుసు ఒక కొస స్తంభానికి ఉంటే, రెండో కొస మనలాంటి ఇరుగుపొరుగు నాలుక మీద ఉంది.

2017లో వచ్చిన చట్టం, 2018 నుంచి అమల్లో ఉన్నది, గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మత్తు ఇవ్వకుండా కరెంటు వైద్యం చెయ్యడాన్నీ నిషేధించింది. మిగతా జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలంది. చట్టం బాగుంది. కానీ 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. జబ్బును బట్టి వారిలో నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదు. డాక్టర్లు తక్కువ, నిజమే. కానీ డాక్టరు వీధి చివరనే ఉన్నా వెళ్లనివాళ్లు మన సంఘంలో ఎంతమంది ఉన్నారో మనకు తెలియదా?

పెట్టె అడుగున

ఆ ప్రశ్నకు మళ్లీ వద్దాం. మతి తప్పి బాగుపడ్డవాడని తెలిస్తే మాయావిని మన ఇంట్లోకి రానిచ్చేవాళ్లమా? జవాబు మాకు తెలుసు. ఎందుకంటే ఆ పుస్తకం చదివి చెప్పిన మనిషి విషయంలోనే మనం జవాబు చెప్పేశాం. లండన్ పత్రికవాళ్లు తమ విలన్‌కు నయం చేసి, పని ఇచ్చి, నమ్మారు. ఒక బొమ్మల కథకు ఉన్న పెద్దమనసు మన సంఘానికి లేకపోయింది.

పెట్టె విప్పిన మర్నాడు మేము నలుగురం అక్కయ్య ఇంటికి వెళ్లాం. క్షమించమని ఎలా అడగాలో తెలియక, అన్నయ్య చివరి రోజుల గురించి అడిగాం. డెబ్బై రెండేళ్లకు గుండెపోటుతో పోయాడట. మాత్రలు ఒక్కరోజు కూడా మానలేదట. వచ్చేముందు ఆవిడ ఒక్క మాట అన్నారు. "వాడికి జబ్బు చేసిందన్న సంగతి ఊరంతా చెప్పుకున్నారురా. బాగయ్యాడన్న సంగతి ఒక్కరు చెప్పుకుని ఉంటే చాలేది."

అందుకే ఈ పోస్టు. అక్కయ్య అనుమతితోనే రాస్తున్నాం, పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయలేదు. అన్నయ్య బాగయ్యాడు. ముప్ఫై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాడు. తప్పుల్లేకుండా ప్రూఫులు దిద్దాడు. ఆలస్యంగానైనా సరే, ఊరంతా చెప్పుకుందాం.

సంఘం తరఫున మేము చెయ్యదలచినవి మూడు. ఒకటి, ఆ ముత్తు కామిక్స్ కట్టకు గ్రంథాలయంలో విడిగా అర ఇస్తున్నాం. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు, తమిళం రాని పిల్లలుంటే మేము కూర్చుని తెలుగులో చెబుతాం. రెండు, ఇకమీదట మన వేదిక మీద పిచ్చివాడి వేషంతో నవ్వించే స్కిట్లు ఉండవు. పోయిన సంక్రాంతికి వేసినదానికి నవ్విన వాళ్లలో మేమూ ఉన్నాం. మూడు, వచ్చే ఉగాది నాటకానికి ప్రాంప్టరుగా, జబ్బు చేసి బాగుపడిన మన సభ్యుల్లో ఒకరు ఒప్పుకున్నారు. పేరు ఆ రోజు వాళ్లే చెబుతారు, చెప్పాలనిపిస్తే.

మీ ఇళ్లలో ఎవరికైనా నిద్ర పట్టకపోయినా, లేని మాటలు వినిపిస్తున్నా, బతుకు మీద విసుగు పుట్టినా దాచకండి. 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టినది, ఉచితం, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు. ఫోన్ చెయ్యడానికి జంకితే మాలో ఎవరినైనా పిలవండి, పక్కన కూర్చుంటాం.

అయనావరం, పెరంబూరు క్వార్టర్సులో పెరిగినవాళ్లు అన్నయ్యను గుర్తుపట్టే ఉంటారు. ఆయన గురించి మీకు గుర్తున్న మంచిమాట ఒక్కటి కింద రాయండి. అక్కయ్యకు చదివి వినిపిస్తాం.